రంపం పక్కన చెప్పిన మాటలు

రంపం నడుస్తున్నంతసేపూ మా సామిల్లులో ఎవరూ నోరు వాడరు. వాడినా లాభం లేదు. పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వాడికి వినిపించేది రంపమే. అందుకని చేతులున్నాయి. పిడికిలి బిగిస్తే ఆపమని. అరచెయ్యి బోర్లించి ఆడిస్తే మెల్లగా తొయ్యమని. పిడికిలి నుదుటికి ఆనిస్తే దుంగలో ముడి ఉందని. చెవి తమ్మె పట్టుకుంటే యజమాని వస్తున్నాడని. ఎన్ని వేళ్లు చూపిస్తే అన్ని అంగుళాల పలక. ఇంతకు మించి మాకు అవసరం పడలేదు.

రంపం దగ్గర మేస్త్రీ మా బావ, అంటే మా అక్క మొగుడు. దుంగను ముందు నుంచి తోసేది ఆయన. కోసిన పలకను వెనక అందుకునేది నేను. ఇన్నేళ్లలో ఆయనా నేనూ చేతులతో చెప్పుకున్నదాంట్లో పదోవంతు నోటితో చెప్పుకుని ఉండం. ఇంట్లోనూ ఆయన అంతే. మా అక్క అంటుంది: "మీ బావని కట్టుకున్నాక నేను గోడతో మాట్లాడ్డం నేర్చుకున్నానురా. గోడే నయం. మేకు కొడితే టక్కుమనైనా అంటుంది."

అట్లాంటి చోటికి వచ్చింది గొంతులమ్మాయి. ఆ పేరు మేం పెట్టిందే. పట్నం గ్రంథాలయం వాళ్లు మామూలు మనుషుల గొంతులు దాచిపెడుతున్నారట. మంగలి, బస్సు కండక్టరు, ఆస్పత్రిలో నేల తుడిచే ఆవిడ, ఎవరైనా సరే. ఎట్లా బతుకుతున్నారో వాళ్ల నోటితో వాళ్లు చెప్పాలి, ఈమె రికార్డు చేసుకుంటుంది. మెడలో హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి. సంచి పట్టీ ఒరుసుకునే చోట భుజం మీద బట్ట వెలిసిపోయి ఉంది. భోజనాల వేళ వచ్చి మా మధ్య ఒక దుంగ మీద కూర్చుని, ముందు చెప్పులు విడిచి కాళ్ల వేళ్లు సాగదీసుకుంది. చాలా ఊళ్లు తిరిగిన మనిషని అప్పుడే తెలిసింది.

మొదట బావ ముందు మైకు పెట్టింది.

"మీరేం పని చేస్తారు?"

"కోస్తాను."

"ఏం కోస్తారు?"

"దుంగలు."

"ఎన్నాళ్ల నుంచి?"

బావ కాస్త ఆలోచించాడు. "మొదట్నుంచీ."

ఆకురాయి తాత పగలబడి నవ్వాడు. రంపం పళ్లకు సాన పట్టేది ఆయన. ఆకురాయి ఎట్లా ఆగకుండా ఆడుతుందో ఆయన నాలుకా అంతే.

"అమ్మాయీ, ఆయన్ని వదిలెయ్. మాటంటే ఆయనకి దుంగలో ఇరుక్కున్న మేకు లెక్క. తగిలితే పళ్లూడతాయని భయం. నన్నడుగు, నీ డబ్బా నిండిపోతుంది."

"చెప్పండి తాతా."

"ఎక్కడ్నించి చెప్పమంటావ్? పుట్టిన కాడ్నించా, పెళ్లయిన కాడ్నించా? రెంటికీ ఏడుపే మొదలు."

తాత చెప్పుకుంటూ పోయాడు. ఆమె తలూపుతూ విన్నది. మధ్యలో ఒకసారి ఆవలింత వస్తే నోరు తెరవకుండా లోపలే మింగింది. నన్ను కూడా అడిగింది కానీ నేను పలక మోసే పని ఉందని లేచిపోయాను. పలకేం లేదు.

అప్పటికే బావ గొంతు బొంగురుపోయి చాలా రోజులైంది. ముక్కూ మూతీ కప్పుతూ గుడ్డ కట్టుకుంటాం కానీ రంపపు పొట్టు దేన్లోంచైనా దూరుతుంది. మా అందరి గొంతులూ ఏదో ఒక కాలంలో గరగరలాడేవే. అందుకని ఎవరూ పట్టించుకోలేదు. అక్కే పట్టించుకుంది. ఉన్న నాలుగు మాటలూ సరిగ్గా వినపడకపోతే ఆమెకి కదా తెలిసేది. లాక్కుపోయి పెద్దాస్పత్రిలో చూపించింది.

డాక్టరు పొట్టు వల్ల అనలేదు. లోపల గడ్డ ఉందన్నాడు. ఇంకా ముదరలేదు, మనిషి దక్కుతాడు, గొంతు మాత్రం దక్కదు అన్నాడు. మాట పలికే పెట్టె మొత్తం తీసెయ్యాలట. మెడ ముందు భాగంలో ఊపిరికి ఒక రంధ్రం పెడతారట. వచ్చే వారం రమ్మన్నాడు.

బావ తలూపాడు, కొలత చెప్తే ఊపినట్టు. బయటికొచ్చాక అక్క మెట్ల మీద కూర్చుండిపోయింది. చాలాసేపు ఏమీ అనలేదు. అక్క ఏమీ అనకపోవడం నేను చూడ్డం అదే మొదలు. బావ ఆమె పక్కన నిలబడి, చెప్పు కొసతో మెట్టు మీద ఇసుక పక్కకి నెడుతున్నాడు.

"వాడుకోకుండానే పోతోంది కదయ్యా," అన్నది చివరికి. "కొత్త సామాను కొత్తగానే పోతోంది."

గొంతులమ్మాయి తాత దగ్గర మిగతాది రికార్డు చెయ్యడానికి మళ్లీ వచ్చిన రోజు, అక్క భోజనం క్యారేజీతో అక్కడే ఉంది. క్యారేజీ నా చేతిలో పెట్టి నేరుగా ఆమె దగ్గరికి పోయింది.

"అమ్మాయీ, నువ్వు గొంతులు దాస్తావటగా. మా ఆయన గొంతు దాచిపెట్టు."

ఆమెకి సంగతి చెప్పాల్సి వచ్చింది. అంతా విని, ఇబ్బందిగా బావ వైపు చూసింది. "ఆయన మాట్లాడరండీ. పోయినసారి అడిగాను కదా."

"ఆ సంగతి నువ్వు నాకు చెప్తున్నావా?" అన్నది అక్క. "నేనేం కథలు చెప్పమనట్లేదమ్మా. వారం తర్వాత ఆయన నన్ను తిట్టాలన్నా తిట్టలేడు. ఇంట్లో ఒక మాటంటూ ఉండాలిగా. కూరలో ఉప్పు లేదన్నా చాలు. నాకు వినాలనిపించినప్పుడు నొక్కుకుని వింటాను."

గొంతులమ్మాయి సంచిలోంచి సబ్బు బిళ్లంత డబ్బా తీసింది. ఎదురుగా మనిషి ఉంటే కొంతమందికి మాట రాదట. అట్లాంటి వాళ్లకి ఇది ఇచ్చి వెళ్తుందట. రోజూ కాసేపు ఎవరికి వాళ్లే మాట్లాడుకుంటారు, డైరీ రాసుకున్నట్టు. బావకి రాత సంతకం వరకే. కనీసం ఇదైనా వస్తుందేమోనని ఆశ.

"ఇది నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది. మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఏదైనా చెప్పొచ్చు. ఆ రోజు చేసిన పని, గుర్తొచ్చిన సంగతి, ఏదైనా. ఎవరూ అడ్డురాని చోట చూసుకోండి. నిశ్శబ్దంగా ఉండాలి. అదొక్కటే ముఖ్యం."

బావ డబ్బాని తిప్పి తిప్పి చూశాడు. బొటనవేలితో బటన్ మీద గీత ఎంత లోతుందో తడిమాడు. "నిశ్శబ్దంగా," అన్నాడు.

"అవునండీ."

చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆ వారం అక్క ఇల్లంతా గుడిలా చేసి పెట్టింది. బావ పని నుంచి రాగానే రేడియో కట్టేసేది. పక్కింటి వాళ్లని నెమ్మదిగా మాట్లాడుకోమని చెప్పొచ్చింది. ముందు గదిలో కుర్చీ వేసి, తలుపు దగ్గరికి వేసి, తను వంటింట్లో గిన్నె కూడా కదపకుండా కూర్చునేది. బావ ఆ కుర్చీలో కూర్చునేవాడు. కాళ్లు చాపుకునేవాడు. కాసేపటికి గురక వినపడేది.

"ఏవయ్యా, నీకు ఇట్లా తలుపులేసి మర్యాదలు చేస్తున్నది నిద్రపోడానికా? ఆ డబ్బాతో మాట్లాడవేం?"

"అయింది."

"ఏమయింది?"

"మాట్లాడ్డం."

"ఎప్పుడు? ఎక్కడ?"

"పనిలో."

అక్క నమ్మలేదు. డబ్బా లాక్కుని చూసింది. ఎంతసేపు రికార్డయిందో దాని మీద అంకెలు కనపడతాయి. అవి చూసి నన్ను పిలిచింది. నేను చదివి చెప్పాను. గంటలకు గంటలున్నాయి.

అక్క మొహంలో ఏ రంగు ఎప్పుడొచ్చిందో చెప్పడం కష్టం. ముందు సంతోషం. తర్వాత ఇంకోటి. "ఇంతసేపా? ఏం మాట్లాడాడురా? నాతో కాపురం మొత్తం కలిపినా ఇంత లేదు కదా. మాట్లాడ్డం వచ్చన్నమాట ఈ మనిషికి. నాతోనే రాదన్నమాట."

"వినమంటావా?" అన్నాను.

"వద్దు." డబ్బా తీసుకుని బావ జేబులో తనే పెట్టింది. "అయిపోనీ. తర్వాత వింటాను. నాకు తర్వాతే కదా కావలసింది."

ఆ రోజుల్లో రంపం అవతల బావ కనపడుతూనే ఉన్నాడు నాకు. మూతి మీద గుడ్డ కదులుతుండటం చూశాను. గుటకలు మింగుతున్నాడేమో, గొంతు నొప్పేమో అనుకున్నాను. ఒకసారి పిడికిలి నుదుటికి ఆనించి అడిగాను, ఏమైనా ముడి పడిందా అని. అరచెయ్యి అడ్డంగా కోసినట్టు జరిపాడు. బాగానే పోతోందని.

ఆపరేషన్ అయింది. బావ మెడకి గొట్టంతో, మంచం మీద కూర్చుని ఊపిరి పీలుస్తుంటే ఈల వేసినట్టు సన్నగా చప్పుడొచ్చేది. మిగతాదంతా డాక్టరు చెప్పినట్టే జరిగింది. డబ్బాని నేనే గ్రంథాలయంలో ఇచ్చి వచ్చాను. వాళ్లు అందులోని గొంతుని శుభ్రం చేసి, అక్క వినడానికి వీలుగా చేసిస్తామన్నారు.

అక్క రోజూ అడిగేది. "ఏమందిరా గొంతులమ్మాయి?"

"చేస్తోందట."

"ఇంకెంతసేపు చేస్తుంది? రంపంతో కోసేదా, రందాతో నునుపు చేసేదా?"

ఆ వారం చివర గొంతులమ్మాయే మిల్లుకి వచ్చింది. లోపలికి రాకుండా గేటు బయట నిలబడి చెయ్యి ఊపింది. నేను వెళ్లాను. ఆమె ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టింది.

రంపం. మా రంపమే. దుంగ తగిలినప్పుడు దాని గొంతు ఎట్లా మారుతుందో, ముడి వచ్చినప్పుడు ఎట్లా కీచుమంటుందో, పలక విడివడి నా చేతిలో పడేటప్పుడు ఎట్లా తేలికపడుతుందో, అంతా ఉంది. ఇంకో రోజుది పెట్టింది. రంపం. ఇంకోటి. రంపం.

"ప్రతి రోజుదీ అక్కడక్కడ విన్నానండీ," అన్నది. "మా దగ్గర చప్పుడు తగ్గించే మనిషి ఉన్నాడు, ఆయనా ప్రయత్నించాడు. గొంతు ఎక్కడో అడుగున ఉంది. ఉందని తెలుస్తుంది, మాట తెలీదు. నిశ్శబ్దంగా ఉన్న చోట అని అన్నిసార్లు చెప్పాను కదండీ. రంపం పక్కన ఎందుకు..."

ఆమె గొంతులో కోపం లేదు. అలసిపోయి ఉంది. ఆమెకి మా చెవుల సంగతి చెప్పాను. రంపం ఆగగానే మా చెవుల్లో హోరు మొదలవుతుంది. ఇంటికి పోయినా, పడుకున్నా అది వదలదు. అక్క తలుపులేసి కూర్చోబెట్టిన ఆ గదిలో బావకి వినపడేది ఆ హోరే. రంపం నడుస్తున్నప్పుడే అది పోతుంది. రంపం చప్పుడు మాకు చప్పుడు కాదు. పైగా అక్కడ ఎవరూ ఎవరి మాటా వినరు. ఆమె చెప్పినట్టే చేశాడు బావ. ఎవరూ అడ్డురాని చోట, నిశ్శబ్దంగా ఉన్న చోట.

ఆమె గేటుకి ఆనుకుని నిలబడింది. "నేను ఒకసారి వచ్చి చూసి ఉండాల్సింది," అన్నది. "అందరికీ ఇదే చెప్తాను. చెప్పి చెప్పి అరిగిపోయింది ఆ మాట. అడగాలని తోచలేదు." కొంచెం ఆగి, "మీ అక్కగారికి ఎవరు చెప్తారు?" అంది.



ఆ సాయంత్రం ఆస్పత్రికి పోయాను. అక్క కిందికి వెళ్లింది, మందులకి. బావ నన్ను చూసి చెవి చూపించి, అరచెయ్యి తిప్పాడు. డబ్బా సంగతి అడుగుతున్నాడు. చేతులతో మాట్లాడే మనుషులకి చేతులతో అబద్ధం ఆడటం చాతకాదు. పిడికిలి నుదుటికి ఆనించాను. ముడి పడింది. అరచెయ్యి బోర్లించి ఆడించాను. మెల్లగా.

బావ నా చేతుల వంకే చూశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. అర్థమైందో లేదో అడగలేదు నేను. మెడ దగ్గర ఈల మాత్రం కాసేపు వేగంగా వినపడింది.

మరుసటి రోజు పలకలు పేరుస్తుంటే మోటారు పక్కన కొత్త బెల్టు కనపడింది. ఇంకా నల్లగా మెరుస్తోంది. ఆ బెల్టు వెయ్యడానికి కారణం గుర్తొచ్చింది. ఆపరేషన్‌కి ముందు, ఆ వారంలోనే, పాతది తెగింది. కోత మధ్యలో తెగింది. బెల్టు తెగితే రంపం ఒక్కసారి ఆగదు. మూలుగుతూ మూలుగుతూ ఆగుతుంది. ఆ రోజు కూడా బావ మూతి మీద గుడ్డ కదులుతోంది. నా చెవులూ కళ్లూ బెల్టు మీదే ఉన్నాయి.

యజమానితో కడుపునొప్పని చెప్పి గ్రంథాలయానికి పోయాను.

గొంతులమ్మాయి గది పుస్తకాల బీరువాల వెనక ఉంది. గోడలకి కోడిగుడ్లు పెట్టే అట్టలు అతికించారు, బయటి చప్పుడు రాకుండా. అక్కడ కూర్చోగానే నా చెవుల్లో హోరు ఎంత పెద్దగా వినపడిందంటే ఆమెకీ వినపడుతుందేమో అనుకున్నాను. బెల్టు సంగతి చెప్పాను. ఏ రోజో గుర్తులేదు, మధ్యాహ్నం టీ తర్వాత అని మాత్రం తెలుసు. ఆమె ఒక్కో రోజుదీ తీసి వినిపించడం మొదలుపెట్టింది. నేను తల అడ్డంగా ఊపుతూ పోయాను. ఆమె ముందుకు జరుపుతూ పోయింది. మధ్యలో ఎవరో తలుపు తట్టి ఏదో అడిగితే కసురుకుంది.

దొరికింది.

రంపం ఒకేలా పోతూ పోతూ, టప్పుమని కొరడా దెబ్బ లాంటి చప్పుడు. ఆ తర్వాత కీచు సన్నబడింది, మూలుగైంది, కిందికి దిగింది. ఆ మూలుగు కింద నుంచి మనిషి గొంతు పైకి లేచింది. బావ గొంతు. బొంగురుగా, పగిలి, పూర్తి బలంతో అరుస్తోంది:

"...వంటింటి కిటికీ. వానకి చెక్క ఉబ్బింది. పొద్దున్నే లేచి దాన్ని భుజంతో తోస్తుంది. నన్ను అడగదు. అడిగితే రేపంటానని దానికి తెలుసు. నేను నిద్రపోతున్నాననుకుంటుంది. పడుకుని చూస్తుంటాను. ఆ భుజం..."

రంపం పూర్తిగా ఆగిపోయింది. తన గొంతు తనకి వినపడ్డట్టుంది. మాట అక్కడే తెగింది. తర్వాత దూరంగా నా గొంతు: "బావా, బెల్టు!" తర్వాత చిన్న టిక్కుమన్న చప్పుడు. బటన్ నొక్కేశాడు.

గొంతులమ్మాయి మళ్లీ పెట్టింది. మళ్లీ విన్నాం. బెల్టు తెగడం నాకు ఎప్పుడూ మంచి శకునం కాదు. సగం రోజు కూలి పోతుంది.

"ఇంతే ఉందండీ," అన్నది ఆమె. అది క్షమించమన్నట్టు ఉంది.

"చాలు," అన్నాను. చాలుతుందో లేదో నాకు తెలీదు.

బావ ఇంటికొచ్చాక ఆ ముక్క తీసుకుని గొంతులమ్మాయీ నేనూ వెళ్లాం. బావ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. మెడకి తెల్లటి గుడ్డ. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి నేల మీద కూర్చుంది, పురాణం వినడానికి కూర్చున్నట్టు. గొంతులమ్మాయి ముందు జరిగింది చెప్పింది. నిశ్శబ్దం గురించి, రంపం గురించి. తప్పు తనదన్నది. అక్క ఆమె మొహంలోకే చూస్తూ విన్నది.

"అంటే, అన్ని గంటలూ..."

"రంపమేనండీ."

అక్క బావ వైపు తిరిగింది. బావ దుప్పటి అంచు లాగుతున్నాడు.

"ఎంత పనిచేశావయ్యా," అన్నది. అరవలేదు. దానికి ఓపిక లేనట్టుంది. గోడకి తల ఆనించింది. "ఎంత పనిచేశావు. ఇన్ని రోజులూ ఆ మాటలున్నాయి కదా అని ఆస్పత్రిలో కుర్చీ మీద కూర్చునే పడుకున్నాను. నడుం ఇరిగిపోతున్నా ఊరుకున్నాను."

"అక్కా, ఒక్క ముక్క ఉంది," అన్నాను. "విను."

గొంతులమ్మాయి డబ్బా నేల మీద పెట్టి నొక్కింది. మూలుగు, ఆ మూలుగులోంచి లేచిన అరుపు. ఆ చిన్న గదిలో అది ఎంత గట్టిగా ఉందంటే అక్క ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. వంటింటి కిటికీ. చెక్క. భుజం. బెల్టు. టిక్కు.



"కిటికీ గురించా?" అన్నది అక్క. "ఇంతా చేసి ఈ పెద్దమనిషి ఆ డబ్బాకి చెప్పుకున్నది కిటికీ గురించా?" నా వైపు చూసింది. "అట్లా అరుస్తాడేంట్రా? ఎవరో కొట్టుకుంటున్నారనుకుంటారు వింటే."

"రంపం పక్కన కదా."

"అవున్లే." అక్క కుడి చెయ్యి దానంతటదే ఎడమ భుజం మీదికి పోయి, నెమ్మదిగా రుద్దడం మొదలుపెట్టింది. ఆ భుజం నొప్పని అక్క ఎన్నాళ్లుగానో అంటోంది. నీళ్లు మోసి మోసి అని మేమంతా అనుకున్నాం. ఆమె కూడా అదే అనుకుంది.

"నేను లేచేసరికి ఈయన నిద్రలో ఉంటాడు," అన్నది, మాలో ఎవరితోనూ కాదు. "గోడ వైపు తిరిగి ఉంటాడు."

బావ గోడ వైపు చూశాడు. ఆ గోడకి వేలాడదీసిన చిన్న అద్దం ఉంది, గడ్డం గీసుకునేది. మంచం మీద పడుకుంటే అందులో వంటింటి గుమ్మం, గుమ్మం లోపల కిటికీ కనపడతాయి. నేను ఆ ఇంటికి ఇన్నేళ్లుగా పోతున్నాను. ఎప్పుడూ చూడలేదు.

అక్క చూసింది. అద్దాన్నీ, దాని ఎదురుగా మంచాన్నీ చూసి తల దించుకుంది.

"భుజం అని ఆపేశావు. తర్వాత ఏం చెప్పావు?"

బావ చేతులు లేచాయి. గాల్లో కాసేపు నిలబడ్డాయి. మా చేతుల్లో ఆపడానికి ఉంది, తొయ్యడానికి ఉంది, ముడికి ఉంది, యజమానికి ఉంది. బావకి కావలసింది లేదు. చేతులు మళ్లీ దుప్పటి మీద పడ్డాయి. నా వైపు చూశాడు, సాయం చెయ్యమన్నట్టు. నేనేం చెయ్యను? నాకూ అవే ఉన్నాయి.

"పోనీలే," అన్నది అక్క. "వదిలెయ్."

గొంతులమ్మాయి ఆ ముక్కని ఇంకో చిన్న డబ్బాలో వేసి ఇచ్చింది. ఆ ముక్క తమ గ్రంథాలయంలో పెట్టుకోవచ్చా అని అడిగింది. అక్క ఆలోచించి, "ఆ కిటికీ ముక్కా? ఎవరికి కావాలమ్మా అది?" అన్నది. తర్వాత, "పెట్టుకో. కానీ రంపం పక్కన అని చెప్పు. లేకపోతే నామీద అరుస్తున్నాడనుకుంటారు," అన్నది. ఆమె వెళ్తుంటే గడప దగ్గరికి వెళ్లి మళ్లీ పిలిచింది. "అమ్మాయీ, నీ చెప్పుల పట్టీ తెగేలా ఉంది. కుట్టించుకో, ఇంకా తిరగాలి కదా."

రెండు మూడు రోజులు అక్క ఆ డబ్బాని ముట్టుకోలేదు. నాకు తెలిసినంతవరకు.

ఆదివారం పొద్దున బావ నా ఇంటికి తనే నడిచొచ్చాడు. మెడ గుడ్డ మీద చెయ్యి పెట్టుకుని, ఆగి ఆగి. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ ముందుకు తోసినట్టు ఊపాడు. రందా. అది మిల్లు సైగ కాదు, అప్పుడే పుట్టింది. రందా తీసుకుని వెంట వెళ్లాను. అక్క సంతకి పోయి ఉంది. కిటికీ రెక్కని మడతబందుల నుంచి ఊడదీశాం. కింది అంచు తడికి ఉబ్బి గోరంత మందం ఎక్కువైంది. బావ రెక్కని మోకాళ్ల మధ్య పట్టుకున్నాడు, నేను రందా లాగాను. బావకి ఊపిరి అందడం లేదు, నాకు నడుం పట్టేస్తోంది. ఇద్దరం చాలాసార్లు ఆగాం. పొట్టు మెడ రంధ్రంలోకి పోతుందేమోనని నేను మధ్యమధ్య ఊదుతూ పక్కకి నెట్టాను. బావ అంచు మీద బొటనవేలు నడిపి చూసి, పిడికిలి బిగించాడు. చాలు. రెక్కని మళ్లీ బిగించి మడతబందులకి నూనె వేశాం.

మేం సామాను సర్దేలోపే అక్క వచ్చింది. సంచి కింద పెట్టి, "ఏంటీ గదిలో ఇంత ఉక్క," అంటూ వంటింట్లోకి పోయింది. చెప్పేంత వ్యవధి లేదు. రోజూ పోయినట్టే ఎడమ భుజం ముందుకు పెట్టి, ఒంటి బరువంతా కిటికీ మీద వేసింది.

రెక్క గాలికి తెరుచుకున్నట్టు తెరుచుకుంది. అక్క సగం మనిషి బయటికి పోయింది. చట్రం పట్టుకుని ఎట్లాగో నిలదొక్కుకుని, జుట్టు మొహం మీద పడగా వెనక్కి తిరిగి బావ మీద అరిచింది:

"చెప్పి చావొచ్చు కదయ్యా!"

అని, ఏమన్నదో తనకే వినపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బావ భుజాలు ఊగుతున్నాయి. నాకు భయమేసింది, ఊపిరాడట్లేదేమోనని దగ్గరికి పోయాను. నవ్వుతున్నాడు. మెడ దగ్గర ఈల ఆగి ఆగి వస్తోంది, కళ్లలో నీళ్లు. అక్క అట్లాగే చూస్తూ నిలబడింది. తర్వాత కిటికీ రెక్కని ఒక వేలితో మూసింది. ఒక వేలితో తెరిచింది. మళ్లీ మూసింది.

నేను పొట్టు ఊడ్చి బయట పారబోసి ఇంటికొచ్చి పడుకున్నాను. చెవుల్లో హోరు.

మరుసటి రోజు పనిలోకి వెళ్తే రంపం దగ్గర కొత్త మేస్త్రీ ఉన్నాడు. మంచివాడే, పని తెలిసినవాడే. మా చేతులే ఇంకా రావు అతనికి. రంపం అవతల నిలబడి నోరంతా తెరిచి ఏదో అరుస్తాడు. నేను అరచెయ్యి చెవికి ఆనించి, వినపడట్లేదని తల ఊపుతాను. అతను ఇంకా గట్టిగా అరుస్తాడు.